మాత్ర మానెయ్యొచ్చా, డాక్టరుగారూ?

ప్రశ్న: మాది సింధనూరు తాలూకాలో క్యాంపు. మా అబ్బాయికి 19 ఏళ్ళు. రెండు పూటలా కార్బమజెపిన్ మాత్ర మింగుతున్నాడు. ఏడాదిన్నరగా ఫిట్స్ రాలేదు. "బాగానే ఉన్నా కదమ్మా, ఇంకెన్నాళ్ళు?" అంటున్నాడు. బంధువులేమో మాత్రలు ఆపి పసరు మందు వేయించమంటున్నారు. ఆపమంటారా?

జవాబు: ఆపొద్దమ్మా. ఏడాదిన్నరగా ఫిట్స్ రాకపోవడం చాలావరకు ఆ మాత్ర చలవే. ఉన్నట్టుండి మానేస్తే ఒకదాని వెంట ఒకటి ఫిట్స్ వచ్చి, మధ్యలో తెలివి రాక ప్రాణం మీదికి రావచ్చు. కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడవనివ్వండి. అప్పుడు కూడా డాక్టరే ఈఈజీ చూసి, మూర్ఛ ఏ రకమో బట్టి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ ఏళ్ళు పడుతుంది.

పసరు సంగతంటారా, ఇలాంటి నాటు మందుల్లో ఫినోబార్బిటోన్ వంటి ఇంగ్లీషు మందే కలిపి అమ్మిన ఉదంతాలు మన దేశంలో బయటపడ్డాయి. ఎంత కలిపారో ఇచ్చేవాడికే తెలియదు.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి పూట వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు. ఎడమ గట్టు కాలువలో ఒంటరిగా దిగనివ్వకండి. రాత్రి వంతు నీళ్ళు కట్టే పని ఇంకెవరికైనా అప్పగించండి, నిద్ర చెడితే మాత్ర వేసుకున్నా ఫిట్స్ రావచ్చు. ట్రాక్టరు మోజు ఉందేమో! లైసెన్సుకు పెట్టే ఫారం 1లో మూర్ఛ ఉందా అని సూటిగానే అడుగుతారు. అబద్ధం రాయించకండి.

ప్రశ్న: మాన్వి నుంచి రాస్తున్నాను. మా అమ్మాయికి 22 ఏళ్ళు, సోడియం వాల్‌ప్రోయేట్ వాడుతోంది. పెళ్ళి కుదిరింది. గర్భం వచ్చినప్పుడు మాత్ర ఆపితే చాలదా? మగపెళ్ళివారికి చెప్పాలా?

జవాబు: అప్పటికి ఆలస్యమైపోతుంది. బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసేసరికి ఆ గడువు చాలావరకు దాటిపోతుంది. గర్భంలో వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి సుమారు పదిమందికి పుట్టుకతో లోపాలుంటాయి. మామూలుగా ఇది రెండో మూడో. ఇంకా నూటికి 30 నుంచి 40 మందికి మాట, నడక, చదువు వెనకబడే ప్రమాదం ఉంది. మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది.

ఇది చదివి ఇవాళే మాత్రలు పారేయకండి. ఫిట్స్ తిరగబెడితే అమ్మాయికే ముప్పు. రాయచూరు రిమ్స్‌లో చూపించి, అవసరమైతే బెంగళూరు నిమ్హాన్స్‌కు రాయించుకోండి. ఆమె మూర్ఛ రకానికి సరిపోతే లెవెటిరాసెటామ్‌కో లామోట్రిజిన్‌కో మారుస్తారు. మారడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ రక్తంలో రెట్టింపు నిలుస్తుంది కాబట్టి దాన్ని చాలా నిదానంగా పెంచుతారు. ఒంటిమీద దద్దురో నోట్లో పుండ్లో కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంత తతంగం ఉంది కాబట్టే పెళ్ళికి ముందు మొదలుపెట్టమంటున్నాను. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆసిడ్ కూడా రాస్తారు, సాధారణంగా 5 మిల్లీగ్రాములు. మూర్ఛ మాత్రలు వేసుకుంటూనే చాలామంది తల్లులు బిడ్డకు పాలిస్తున్నారు.

ఇక రెండో మాట. చెప్పి తీరాలంటాను. మూర్ఛను పెళ్ళికి అడ్డంకిగా చూపిన మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు, కాబట్టి భయపడి దాచాల్సిన పని లేదు. దాచారే అనుకోండి, ఆ పిల్ల అత్తవారింట్లో చాటుగా మాత్ర మింగాలి. బీరువాలో చీరల కింద దాచిన మాత్ర వేళకు అందదు. మూడు రోజులు తప్పితే నాలుగో రోజు పొయ్యి దగ్గరే పడిపోవచ్చు. ఇది విని వెనక్కి తగ్గే సంబంధమైతే ఇప్పుడే తగ్గనివ్వండి. ముహూర్తం అర్ధరాత్రి పెట్టారా? పగలు పిల్లను కాసేపు పడుకోనివ్వండి, మాత్ర వేళకు ఇచ్చే బాధ్యత మేనత్తకో అక్కకో అప్పజెప్పండి. పెళ్ళికూతురు ఉపవాసమంటూ మాత్ర ఆపకండి.

ప్రశ్న: లింగసుగూరులో మందుల షాపులో ఈసారి ఫెనిటాయిన్ వేరే కంపెనీది ఇచ్చారు. వారంగా తూలుతున్నాను, మనుషులు ఇద్దరిద్దరుగా కనిపిస్తున్నారు.

జవాబు: రేపటిదాకా ఆగకుండా డాక్టరుకు కనిపించండి. 1938 నుంచి వాడుతున్న ఫెనిటాయిన్ మంచి మందే, కానీ పెంకి మందు. ఒక స్థాయి దాటాక కాలేయం దాన్ని వదిలించుకోలేదు. అప్పుడు మోతాదు కాస్త పెరిగినా రక్తంలో విపరీతంగా పేరుకుపోతుంది. ఒక కంపెనీ మాత్రకూ ఇంకోదానికీ ఉన్న చిన్న తేడా కూడా ఈ మందుతో బయటపడుతుంది. టీబీ మందులు వాడుతున్నా దీని స్థాయి అటో ఇటో మారుతుంది. పాత స్ట్రిప్పూ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళండి. రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయిస్తారు. మీకై మీరు మాత్ర విరిచి సగం మింగడం వద్దు.

ప్రశ్న: దేవదుర్గం నుంచి. మా ఎనిమిదేళ్ళ బాబుకు తలంటి పోస్తుంటేనే ఫిట్స్ వస్తాయి. ఎవరిదో దిష్టి అంటున్నారు.

జవాబు: దిష్టి కాదు, వేడినీళ్ళ మూర్ఛ. కర్ణాటకలో బాగా కనిపిస్తుంది. నిమ్హాన్స్ డాక్టర్ సతీశ్‌చంద్ర వంటివారు దీని మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. కాగులో మరిగిన నీళ్ళు చెంబుతో తల మీద గబగబా గుమ్మరిస్తుంటే వస్తుంది. గోరువెచ్చని నీళ్ళు వాడండి, తల మీద మెల్లగా పొయ్యండి. అదీ చాలకపోతే తలంటు రోజున మాత్రమే, స్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ ఇవ్వమని డాక్టర్లు రాస్తారు. వేరే సమయాల్లో కూడా ఫిట్స్ వస్తుంటే రోజువారీ మందు కావాలి. పిల్లవాడు కావాలనే వేడినీళ్ళు నెత్తిన పోసుకుంటున్నాడేమో గమనించండి. ఆ క్షణంలో కలిగే మత్తు నచ్చి అలా చేసేవాళ్ళున్నారు.

స్నానాలగదిలో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద తువ్వాలు పెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పట్టడం ఏవీ వద్దు. గడియారం చూస్తూ ఉండండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్ళీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.