తెమడ తెగడం లేదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మూడేళ్లుగా చలికాలం వచ్చిందంటే దగ్గు, తెమడ. ఈసారి ఉగాది దాటినా తగ్గలేదు. పొద్దున లేవగానే అరగంట దగ్గితే గానీ కళ్లె తెగదు. నాలుగు మెట్లెక్కితే దమ్మొస్తోంది. బీడీ, చుట్ట అలవాటు లేదు. మెడికల్ షాపు సిరప్‌లు ఎన్ని సీసాలు తాగించినా అంతే. పెరుగు మానేయమని చుట్టాలంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: బీడీ లేదన్నారు, సరే. కట్టెల పొయ్యి సంగతి రాయలేదేం? ఈ వయసు ఆడవాళ్లు ఇలాంటి దగ్గుతో వస్తే నేను ముందు అడిగేది అదే. ఏళ్ల తరబడి పొయ్యి ఊదుతూ వండినవాళ్లు పీల్చిన పొగ తక్కువేం కాదు. ఇంట్లో గ్యాస్ ఉన్నా స్నానాల నీళ్లకు ఇప్పటికీ కట్టెలే పెడుతుంటారు!

శ్వాసనాళాల్లో పల్చటి జిగురు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. దుమ్మూ క్రిములూ దానికి అంటుకుంటాయి. కంటికి కనపడని నూగు ఆ జిగురును గొంతు దాకా నెట్టుకొస్తే, మనకు తెలియకుండానే మింగేస్తాం. పొగ తగిలీ తగిలీ ఆ నూగు దెబ్బతింటుంది, జిగురు ఊరే గ్రంథులేమో పెద్దవవుతాయి. ఇక దాన్ని బయటికి తేవడానికి దగ్గొక్కటే దిక్కు. ఏడాదికి కనీసం 3 నెలల చొప్పున వరసగా 2 ఏళ్లు తెమడతో దగ్గు ఉండి, వేరే కారణం కనబడకపోతే క్రానిక్ బ్రాంకైటిస్ అంటాం. మీరు రాసింది దానికి దగ్గరగానే ఉంది.

అయితే ఆ పేరు పెట్టేముందు టీబీ కాదని తేల్చుకోవాలి. దగ్గు 2 వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాల్సిందే. సర్కారు దవాఖానాలో అది ఉచితం. నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తీసిన తెమడ ఇవ్వాలి. చాలామంది డబ్బాలో ఉమ్మి ఇచ్చేసి వెళ్తారు, దాంతో ఏమీ తేలదు. ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. తర్వాత స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించే పరీక్ష. సీఓపీడీనా (శ్వాసనాళాలు ఇరుకైపోయి మళ్లీ పూర్తిగా తెరుచుకోని జబ్బు), ఆస్తమానా అన్నది చాలావరకు అందులో తెలుస్తుంది. పడుకుంటే ఆయాసం పెరుగుతున్నా, కాళ్లు వాస్తున్నా గుండెనూ చూపించాలి.

పెరుగు తెమడను పుట్టించదు, తిన్నాక గొంతులో కాస్త జిగటగా అనిపిస్తుందంతే. తిననివ్వండి. దగ్గును అణిచే సిరప్‌లు మాత్రం ఆపేయండి. బయటికి రావాల్సింది లోపలే ఉండిపోతుంది. ఆవిరి కాసేపు హాయిగా ఉంటుంది, జబ్బును తగ్గించదు. మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి, అది ఒలికి తొడలు కాల్చుకున్నవాళ్లున్నారు.

దానికన్నా ఈ పద్ధతి మేలు. నిటారుగా కూర్చుని ముక్కుతో గాలి పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపి, నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అంటూ వదలాలి. రెండు మూడుసార్లు అలా చేశాక ఒక్క దగ్గు దగ్గితే కళ్లె తెగుతుంది. గొంతు చించుకునేలా దగ్గితే అలసట తప్ప ఏమీ రాదు.

డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే భయపడొద్దు. మందు తక్కువ మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది, అలవాటుగా మారదు. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా అడగండి. తెమడలో రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా వెంటనే చూపించాలి. పెదాలు నీలంగా మారితే నేరుగా ఎమర్జెన్సీకే.

ప్రశ్న: జలుబు చేసి వారమైంది. తెమడ పచ్చగా పడుతోంది. యాంటీబయాటిక్ వేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. ఆ రంగు మీ తెల్లరక్తకణాల నుంచి వచ్చేది. వైరస్ జలుబులోనూ అలాగే పడుతుంది. జలుబు తర్వాత దగ్గు 3 వారాల దాకా ఉండొచ్చు. మీకు ముందే సీఓపీడీ ఉండి, రంగు మారడంతోపాటు తెమడా ఆయాసమూ పెరిగితే మాత్రం అది వేరే సంగతి, ఆ రోజే డాక్టరును కలవండి.