భయం పోయేదాకా ఆగితే

ధైర్యవంతుడంటే భయం తెలియనివాడని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకం మనకు సాకుగా కూడా పనికొస్తుంది. "అది పుట్టుకతో రావాలండీ" అని చేయాల్సిన పని పక్కన పెట్టేస్తాం. ఇది తప్పని చెప్పడానికి నాకు కనిపించే గట్టి సాక్ష్యం వీర పతకాలతో పాటు ప్రకటించే ప్రశంసాపత్రాలు. ప్రమాదాన్ని లెక్కచేయలేదన్న మాట తప్పిస్తే సైనికుడి గుండె అప్పుడెలా కొట్టుకుందో వాటిలో ఉండదు. దేని తర్వాత ఏం చేశాడో ఉంటుంది.

కార్గిల్ యుద్ధంలో పరమ వీర చక్ర పొందిన గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్ సంగతే చూడండి. 1999 జులై 3 రాత్రికి ఆయన వయసు 19 ఏళ్లు. టైగర్ హిల్ మీద మూడు బంకర్లను పట్టుకోవాలి. 16,500 అడుగుల ఎత్తున, మంచు పేరుకున్న నిట్టనిలువు కొండచరియ తప్ప వేరే దారి లేదు. ముందుగా ఎక్కి వెనకవాళ్ల కోసం తాడు కట్టే పనికి ఆయనే ముందుకొచ్చారు. సగం ఎక్కేసరికి పైనుంచి మెషిన్‌గన్ మోగింది. కమాండర్, మరో ఇద్దరు నేలకొరిగారు. యాదవ్‌కు గజ్జల్లో, భుజంలో తూటాలు దిగాయి. అయినా మిగిలిన 60 అడుగులూ ఎక్కారు. పాకుతూ మొదటి బంకర్ దగ్గరికి చేరి గ్రెనేడ్ విసిరారు. పైనుంచి కాల్పులు ఆగడంతో మిగతావాళ్లు ఎక్కగలిగారు. ఆ తర్వాత ఇద్దరు సహచరులతో కలిసి రెండో బంకర్ మీద పడ్డారు. కొండంత పనిని ఆయన ఒక్కసారిగా చేయలేదు. మొదట తాడు, తర్వాత ఆ 60 అడుగులు, ఆపైన ఒక బంకర్, మరో బంకర్. ఒంట్లో తూటాలున్న మనిషి ఎదుట ప్రతిసారీ ఉన్నది ఒక్క పనే. భయం తగ్గిందా లేదా అని చూసుకుంటూ కూర్చుంటే ఆ 60 అడుగులు అలాగే ఉండిపోయేవి.

సైనికుడికి ఆజ్ఞ ఉంటుంది, శిక్షణ ఉంటుంది, పక్కన తోడుంటుంది, రిపోర్టులో ఏం వస్తుందోనని స్కానింగ్ వాయిదా వేసే మనిషికి ఇవేవీ లేవు కదా అనవచ్చు. నిజమే. కానీ ఇది నా వాదనకే బలం. పదిహేడైనా నిండకుండా సైన్యంలో చేరిన పల్లెటూరి కుర్రాడు యాదవ్‌ను అక్కడ పుట్టుక మీద వదిలేయలేదు, తర్ఫీదు ఇచ్చారు. మనకు శిక్షణ శిబిరాలు లేకపోయినా సోమవారం పొద్దున తొమ్మిదింటికి అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు, తోడు రమ్మని అన్నయ్యను అడగవచ్చు. రోజూ చిన్న చిన్న భయాలను దాటడం అలవాటైనవాడికి, ఆఫీసులో తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమన్నప్పుడు కాదనడం కొంతైనా తేలికవుతుంది.

పరమ వీర చక్ర పొందిన 21 మందిలో 14 మందికి అది మరణానంతరమే దక్కింది. మరి ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే ధైర్యమా అని ఎవరైనా అడిగితే, కాదనే అంటాను. ఒట్టి తెగింపు తన గురించే ఆలోచిస్తుంది. యాదవ్ కట్టిన తాడు వెనకవాళ్ల కోసం. తర్వాత ఆయనే చెప్పినదాన్ని బట్టి, చనిపోయినట్లు కదలకుండా పడి ఉండి, కింది మన పోస్టు మీద దాడి చేయాలని శత్రువులు అనుకోవడం విన్నారు. ఆ సంగతి చేరవేయడానికి గాయాలతోనే కిందికి దిగివచ్చారు. అక్కడ బతికి ఉండటమే ఆయన చేయాల్సిన పని.