బొమ్మ వెనుక చెట్టును కూడా చదవండి

హస్తకళాకారుల ఊళ్లో కొంతకాలం ఉండి, వాళ్ల పక్కన కూర్చుని పని నేర్చుకునే రెసిడెన్సీల వైపు ఇప్పుడు నగరాల విద్యార్థులు చూస్తున్నారు. సర్టిఫికెట్ కోసం రెండు రోజులు తిరిగి, ఫొటోలు తీసుకుని వచ్చేవాళ్లకు ఒరిగేదేమీ లేదు. కనీసం నెల రోజులు ఉండగలిగితేనే వెళ్లండి. ఎందుకో ఏటికొప్పాకను చూస్తే అర్థమవుతుంది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఈ ఊరు. ఇక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. బొమ్మకు వాడేది అంకుడు కర్ర. మెత్తగా ఉండి ఉలికి ఇట్టే లొంగుతుంది. ఆరబెట్టిన కర్రను లేత్‌కు బిగించి, తిరుగుతుండగానే ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. మొగలి ఆకుతో రుద్దితే నునుపు తేలుతుంది. లక్క అంటే చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు వదిలే జిగురు. పసుపు రంగు పసుపుకొమ్ము నుంచి, నీలం నీలిమందు నుంచి తీస్తారు. అరచేతిలో పట్టే బొంగరం వెనుక అడవీ పొలమూ రెండూ ఉన్నాయి.

మధ్యలో రసాయన రంగులు వచ్చి ఈ సహజ రంగుల్ని పక్కకు నెట్టాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు ఏ రంగు వేస్తున్నామన్నది చిన్న ప్రశ్న కాదు. మొక్కల నుంచి తీసే రంగుల్ని తిరిగి నిలబెట్టేందుకు ఏళ్ల తరబడి పనిచేసిన ఇక్కడి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. కళను కాపాడటానికి ఆయన వెళ్లింది రంగునిచ్చే మొక్కల దగ్గరికే.

అందుకే అక్కడ చేరగానే కొత్త డిజైన్లు గీయడం మొదలుపెట్టకండి. మొదటి వారం చూడండి, అడగండి, రాసుకోండి. కర్ర ఎక్కడి నుంచి వస్తోంది? ధర ఎంత, ఎవరి అనుమతి కావాలి? అంకుడు చెట్టును మొదలంటా పెకలించకుండా నరికితే మళ్లీ చిగురిస్తుంది. మరి ఊరి చుట్టూ కొత్తగా ఎవరైనా నాటుతున్నారా? ఒక్కో బొమ్మకు ఎన్ని గంటలు పడుతుంది, కళాకారుడి చేతికి ఎంత వస్తుంది, నగరంలో షాపులో ఎంతకు అమ్ముతారు? ఇంట్లో ఆడవాళ్ల పనిని ఎవరూ లెక్కలో వేయకపోతే మీరైనా వేయండి. ఈ వివరాలున్న నోట్‌బుక్ డిజైన్ కోర్సుల ఇంటర్వ్యూలో అందమైన బొమ్మల కన్నా బలంగా నిలుస్తుందని నా నమ్మకం.

ఇది ఆర్ట్ విద్యార్థులకే పరిమితం కాదు. బోటనీ వాళ్లకు చెట్టు ఉంది, కామర్స్ వాళ్లకు ధరల లెక్క ఉంది, లా వాళ్లకు జీఐ హక్కులున్నాయి. డిజైన్‌లోకే వెళ్లాలనుకుంటే ఎన్ఐడీ ఆంధ్రప్రదేశ్, హైదరాబాద్ నిఫ్ట్, జైపూర్‌లోని హస్తకళల డిజైన్ సంస్థ ఐఐసీడీ చూడండి. నిఫ్ట్‌లో చేతివృత్తుల ఊళ్లకు వెళ్లి పనిచేయడం చదువులో భాగం. నేతపై మనసుంటే వెంకటగిరిలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది. చదువయ్యాక బొమ్మల డిజైన్, ఉత్పత్తుల కొనుగోలు, మ్యూజియంలు, కళాకారుల సంఘాలతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు... దారులున్నాయి. మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల స్థాయిలో ఉండవు, ఇంట్లో ఆ మాట ముందే చెప్పండి.

వెళ్లేముందు రెండు విషయాలు కాగితం మీద పెట్టుకోండి. మీకు నేర్పే రోజుల్లో గురువు తన పని మానుకుంటారు కాబట్టి ఆ రోజులకు ఎంత చెల్లిస్తారు? ఇద్దరూ కలిసి చేసిన బొమ్మ రేపు మార్కెట్లోకి వెళితే పేరూ రాబడీ ఎలా పంచుకుంటారు?