పోడుభూమియు నేలవేఁడియు

కాకతీయ గణపతిదేవుని కాలమున కట్టఁబడిన పాకాల చెఱువునకు నీరు చేర్చు అడవి 1952లో అభయారణ్యమైనది. అందు చెట్లు నఱికి పోడుకొట్టిన తావు వేసవిలో ప్రక్క అడవికంటె హెచ్చుగా కాఁగును. చెట్టు వేళ్ళతో నీరు పీల్చి ఆకులనుండి ఆవిరిగా విడుచుటలో ఎండవేఁడి కొంత వ్యయమగును. నీడ మఱికొంత నాపును. బోడినేలకు ఈ రెండును లేవు. ఇది గాలివేఁడి కాదు, నేలవేఁడి. నేడు ఉపగ్రహములు దీనిని కొలుచుచున్నవి. అయితే టేకు ఎండకాలమున ఆకు రాల్చును గనుక, ఒకే నెలలోని కొలతలనే పోల్చుట న్యాయము.

కాఁగిన మట్టిలో తడి నిలువదు, ఆకుకుళ్ళు త్వరగా తఱుగును. వానకు కొట్టుకొనిపోవు మన్ను చెఱువున మేటవేయును. ఆ నష్టము దిగువ ఆయకట్టు రైతులది. 2005 డిసెంబరు 13కు పూర్వమునుండి సాగుచేయుచు, 2006 నాటి అటవీహక్కుల చట్టముచే పట్టా పొందినవారు గట్లపై ఇప్ప, చింత నిలుపవలెను. పశువులు మిగిల్చిన చొప్పను కాల్చక నేలపై పఱచి యుంచవలెను.