నాది తెలివియా, అలవాటా?

సమస్య

అయ్యా,

మాది పోచంపల్లి చుట్టుపట్ల ఒక చేనేత గ్రామము. నాకు 38 ఏండ్లు. పదవ తరగతిలో లెక్కలు తప్పి, మరల పరీక్షకు కూర్చొనకయే పెండ్లియై ఈ యింటికి వచ్చితిని. నూలును ఆసు పోయుట, రంగు పట్టకుండ అక్కడక్కడ చిటికి కట్టుట మా అత్తమ్మ నేర్పినది. ఇప్పుడు కొత్త నమూనా ఏది వచ్చినను, నూలును ఎన్ని మడతలు వేయవలెనో, ఏ రంగు ముందు ఎక్కవలెనో ఇంటిల్లిపాదియు నన్నే అడుగుదురు. రంగులో ముంచకముందే, ఎచ్చటనో ఒక కట్టు ప్రక్కకు జరిగినదని నాకు తోచును. విప్పి చూచిన నిజమే యగును. కాని అదే లెక్కను కాగితముమీద పెట్టుమన్నచో చేయి ఆడదు. మా మరిది ఇంజనీరింగు చదివినవాడు. "వదినది చేతిపనే, బుర్రకేమీ ఎక్కదు" అని పిల్లల యెదుటనే నవ్వుచుండును.

మొన్న మా అమ్మాయి, తెలివి ఎనిమిది రకములట, నీది ఏ రకమో చూతమని ఫోనులో ఏవో ప్రశ్నలు అడిగినది. చదరంగమన్న ఇష్టమా, పటము చూచి దారి కనుగొనగలరా అని ఉన్నవి. నేనెరిగిన సంగతి ఒక్కటియు లేదు. అన్నిటను తక్కువయే వచ్చినది. ఇంతలో మా సహకార సంఘమువారు, పడుచువాండ్రకు నమూనా కట్టుట నేర్పుమని పిలుచుచున్నారు. నల్లబల్ల ముందు నిలిచి నేనేమి వ్రాయుదును? ఒప్పుకొందునా, మానుదునా? నాది తెలివియేనా, వట్టి అలవాటా?

— ఒక చేనేత గృహిణి

సలహా

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు సమాధానము మీ జాబులోనే కలదు. అలవాటు అనునది చేసినదానినే మరల చేయించును. ఎన్నడును చూడని నమూనా ఎదుటికి వచ్చినప్పుడు దానికి నోరు లేదు. అట్టి తరుణముననే మీ యింటివారందరును మీ వంక చూచుచున్నారు. ఒక పుష్పములో నాలుగవ వంతు మాత్రమే కట్టి, మడత విప్పునప్పటికి అది సంపూర్ణమగునట్లు చేయవలెనన్నచో, కుడి యెడమయై, మీది క్రిందై ఆ రూపము తిరుగుటను మనస్సులో ముందుగా చూడవలెను. కట్టిన తావున రంగు పట్టదు గావున, కనబడబోవుదానిని గాక, దాచవలసినదానిని గూర్చి యోచింపవలెను. రెండవ రంగు మొదటిదానిపై పడి ఏమగునో అదియు ఎరిగియుండవలెను. దీనిని చేతిపని యనుట, సంగీతమును గొంతుపని యనుటవంటిది.

చేతిపని యనదగిన భాగమును వేరుచేసి చూపినవారొకరు మీ ప్రాంతముననే యున్నారు. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు, ఆరవ తరగతితో చదువు మానినవారై, ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి అటునిటు ఆడించి ఆసు పోయుచు భుజములు నొచ్చుకొనుచున్న తల్లిని చూడలేక, 1999లో ఆసు యంత్రమును నిర్మించి, దానికి ఆమె పేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. ఆ యంత్రము చేతి శ్రమను తీసికొన్నది. ఐనను ఏది ఎచ్చట కట్టవలెనో మీ యింట ఇప్పటికిని మిమ్మే అడుగుచున్నారు.

ఇక ఆ ఎనిమిది రకముల మాట. బుద్ధి ఒక్కటియా, అనేకమా అను వివాదము శతాబ్దమునకు మించినది. 1904లో స్పియర్‌మన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, సకల సామర్థ్యముల వెనుకను ఒక సామాన్యశక్తి కలదని వాదించెను. ఆ మరుసటి యేడే పారిసులో బినే, సిమోను అనువారు తమ బుద్ధిపరీక్షను వెలువరించిరి; బడిలో వెనుకబడిన పిల్లలలో ప్రత్యేక సహాయము ఎవరికి కావలెనో గుర్తించుట దాని ప్రయోజనము గాని, ఎవరినైనను మొద్దులని ముద్రవేయుట కాదు. 1938లో అమెరికాలో థర్‌స్టన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ప్రధాన సామర్థ్యములు ఏడని లెక్కించినప్పుడు, సంఖ్యలతో వ్యవహరించు నేర్పును ఒక పద్దుగను, ఆకారములను మనస్సులో త్రిప్పి చూచు నేర్పును వేరొక పద్దుగను వ్రాసెను. మీరు తప్పినది మొదటి పద్దులో. మీ యింట మీకున్న అధికారము రెండవదానివలన వచ్చినది. 1983లో హోవర్డ్ గార్డ్‌నర్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు సంగీతమును, దేహచలనమును, పరచిత్తజ్ఞానమును గూడ ఈ పంక్తిలో కూర్చుండబెట్టెను. మీ అమ్మాయి చెప్పిన రకములకు మూలమైన ఆ సిద్ధాంతము ఉపాధ్యాయులకు మిక్కిలి నచ్చినది. పరీక్షల సాక్ష్యము చాలదని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పలువురు దానిని అంగీకరింపరు. నాకును ఆ ఔదార్యము నచ్చును గాని, దానిపేర ఫోనులలో తిరుగు ప్రశ్నావళులు నచ్చవు. చదరంగపు బల్ల లేని యింటివారిని చదరంగమును గూర్చి అడిగి మార్కులు వేయుట ఏమి న్యాయము?

మన ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో బుద్ధిని స్మృతి, మతి, ప్రజ్ఞ యని మూడు విధములుగా విభజించెను: గతించినదానిని స్మరించునది, ఉన్నదానిని మననము చేయునది, రాబోవుదానిని ఎరుగునది. ఆయన చెప్పినది కవులను గూర్చి. ఐనను, రంగు కుండలో ముంచకముందే తప్పు కట్టును కనిపెట్టువారిని ఆ మూడవ కోవలో చేర్చుటకు నేను సంకోచింపను. తన బుద్ధి ఏ కోవకు చెందినదో తెలియగోరువారికి నేను చెప్పు గురుతు ఇదియే: ఏ పనిలో దోషము ఇతరులకంటె ముందుగా, కారణము చెప్పనేరకమునుపే, మీ కంటికి తగులునో అచ్చట వెదకుడు.

అట్లని మీలో కొరతయే లేదని ముఖప్రీతికి చెప్పను. తెలిసినదానిని కాగితముపై పెట్టలేకపోవుట కొరతయే. నేర్పవలసివచ్చినప్పుడు అది అడ్డు తగులును. కాని అది దిద్దుకొనదగినది. కావున ఒప్పుకొనుడు; ఒప్పుకొనునప్పుడే, మొదటి నెల నల్లబల్ల వలదనియు, తరగతిలో ఆసు, నూలు, రంగు కుండ ఉండవలెననియు సంఘమువారికి చెప్పుడు. శిష్యులచేత చిన్న నమూనా కట్టించి, రంగు వేయించి, విప్పించి, తప్పు ఎచ్చట జరిగినదో మీరు చెప్పకమునుపు వారినే వెదకనిండు. సాయంకాలము మీ అమ్మాయి ప్రక్కన గ్రాఫు కాగితముతో కూర్చుండి మీ నోటి మాటను గళ్లలో నింపినచో, నాడు తప్పిన లెక్కలలో కొంత ఈ త్రోవన మీకు మరల దొరకవచ్చును.

మీ మరిదితో వాదమునకు దిగకుడు. పిల్లల యెదుట ఆ మాట తగదని ఒంటరిగా ఒక్కసారి చెప్పుడు. వినకున్నచో గ్రాఫు కాగితము, కొంత నూలు చేతికిచ్చి, పావు వంతు కట్టి పూర్తి పుష్పమును రప్పింపుమనుడు. ఆయన చదువు వలన వేరొక ప్రయోజనమున్నది: పాఠము మొదలుకాకమునుపే గౌరవవేతనము ఎంతయో, ఎప్పుడు ఇత్తురో సంఘమువారిని అడిగి వ్రాయించుకొని, ఆ ఒప్పందపు కాగితమును ఆయనచేత చదివించి, పిదప సంతకము చేయుడు.