పొగ మానాలనుకునే బిడ్డకు తోడు కావాలి

ఈ నెల పాఠాన్ని హైస్కూలు పిల్లలు, తల్లిదండ్రులు కలిసి చదవండి.

మన శ్రీకాకుళం జిల్లాకు పొగ కొత్త కాదు. పల్లెల్లో పెద్దవయసు ఆడవారు చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకుని అడ్డపొగ తాగడం తరతరాలుగా ఉంది. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని పరిశోధకులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. ఇంట్లో రోజూ చుట్ట వెలుగుతుంటే బిడ్డకు సిగరెట్ తప్పుగా తోచదు. 2019లో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో 13-15 ఏళ్ల విద్యార్థుల్లో నూటికి 8 మందికి పైగా పొగాకు వాడుతున్నట్టు తేలింది.

ఎందుకు మానలేరు?

పొగాకులోని నికోటిన్‌కు ఎదిగే మెదడు త్వరగా బానిస అవుతుంది. మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రలేమి ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. ఇది తెలియని పిల్లవాడు "నావల్ల కాదు" అని మళ్లీ వెలిగిస్తాడు. ఇది మొండితనం కాదు, వ్యసనం.

బడిలో సహాయం

బడిలో పొగ మాన్పించే కార్యక్రమం ఉంటే పిల్లలను చేర్పించండి. మానే తేదీ పెట్టుకోవడం, స్నేహితుడు సిగరెట్ ఇస్తే వద్దనడం, వారం వారం కలిసి మాట్లాడుకోవడం అక్కడ నేర్పుతారు. లేకపోతే హెడ్మాస్టరు గారిని అడగండి. పేరు బయటపడుతుందని, టీసీ ఇచ్చేస్తారని పిల్లలు భయపడి దాస్తారు. కాబట్టి ఉపాధ్యాయులు ఆ పేర్లు గోప్యంగా ఉంచాలి.

తల్లిదండ్రులకు

1. కొట్టవద్దు, చదువు మాన్పిస్తామని బెదిరించవద్దు. "నీకు తోడుంటాం" అనండి.
2. చుట్ట, బీడీ కొనడానికి పిల్లలను పంపవద్దు. 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. బడికి 100 గజాల లోపల కూడా అమ్మకూడదు.
3. ఇంట్లో తాగేవారుంటే బిడ్డతోపాటు అదే రోజు మానండి.

యౌవనస్థులకు

తాగాలన్న కోరిక కొద్ది నిమిషాలే బలంగా ఉంటుంది. ఆ సమయంలో నీళ్లు తాగండి, నడవండి, స్నేహితునితో మాట్లాడండి. సిగరెట్‌కు బదులు ఖైనీ, గుట్కా పట్టవద్దు. జాతీయ సహాయ ఫోను 1800-11-2356కు చేస్తే డబ్బు ఖర్చు లేదు.

ఒకసారి మాని మళ్లీ తాగినా సిగ్గుపడి కార్యక్రమం వదలవద్దు. చాలామంది పలుమార్లు ప్రయత్నించిన తర్వాతే పూర్తిగా మానగలుగుతారు. దేవుడు మీ బిడ్డలకు ఆ బలము దయచేయును గాక.