గింకో గింజ: తినొచ్చు, కానీ లెక్కపెట్టి తినాలి



గింకో బైలోబా అంటే మనలో చాలామందికి జ్ఞాపకశక్తి మాత్రల పేరుగానే తెలుసు. ఆ మాత్రలు ఆకు సారంతో చేస్తారు. చైనా, జపాన్, కొరియాల్లో మాత్రం దీని గింజను వండుకు తింటారు. ఈరోజు ఆ గింజ గురించి, చెట్టు గురించి చూద్దాం.

చెట్టు సంగతి

గింకో చుట్టాలన్నీ ఎప్పుడో అంతరించిపోయాయి, ఈ ఒక్క జాతే మిగిలింది. మహా గట్టి చెట్టు. 1945లో హిరోషిమాలో బాంబు పడిన చోటికి రెండు కిలోమీటర్ల లోపున్న కొన్ని గింకోలు కాలిపోయి కూడా మళ్లీ చిగురించాయి.

మన తాటిలాగే ఇందులోనూ పోతు చెట్టు వేరు, పెంటి చెట్టు వేరు. పుప్పొడి గాలికి వస్తుంది. గింజ నాటితే కాపుకు ఇరవై ఏళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. తాత నాటితే మనవడు తింటాడని చైనాలో దీన్ని 'తాతామనవళ్ల చెట్టు' అంటారు. అందుకే జపాన్‌లోని సోబుయే ప్రాంత రైతులు క్యూజు, తోకురో లాంటి రకాలను అంటు కట్టి పెంచుతారు. అంటు మొక్క త్వరగా కాస్తుంది, పోతో పెంటో ముందే తెలుస్తుంది.

గింజ తీసే పద్ధతి

పండు రాలితే కుళ్లిన వెన్న వాసన వస్తుంది. గుజ్జు తగిలితే చర్మం పొక్కుతుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టేవారి చేతులను కాల్చే జీడికి దగ్గరి పదార్థమే ఇందులోనూ ఉంది. అందుకే చేతి తొడుగులు వేసుకుని, గుజ్జు కడిగేసి, గింజల్ని ఆరబెడతారు. పెంకుతోనే ఉప్పులో వేయించి, పెంకు, లోపలి పొర తీసి తింటారు. చైనాలో గంజిలోనూ వేస్తారు.

జాగ్రత్త ఇక్కడే

గింజలోని విషం శరీరంలో బి6 విటమిన్ పనిని అడ్డుకుంటుంది. వేయించినా, ఉడికించినా అది పూర్తిగా పోదు. ఎక్కువ తింటే కొన్ని గంటల్లోనే వాంతులు, ఫిట్స్ రావచ్చు. పిల్లలకు ప్రమాదం ఎక్కువ. పచ్చిగా ఎవరూ తినొద్దు, వండినవైనా చిన్నపిల్లలకు అసలు పెట్టొద్దు. పెద్దలు కూడా నాలుగైదు గింజలతో ఆపాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు వీధి చెట్ల కింద ఏరుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. తేడా అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, గింకో గింజ తిన్నామని చెప్పండి. బి6తో వైద్యం ఉంది.

మన పొలంలో వేయొచ్చా?

ఇది చలి ప్రాంతాల చెట్టు. మన దేశంలో హిమాలయ కొండ ఊళ్లలో కనిపిస్తుంది. మన మైదానాల ఎండకు ఆదాయం కోసం వేసే పంట కాదు. ఎవరైనా మొక్కలు అమ్మజూపితే 'అంటు మొక్కా? పెంటిదా? ఎక్కడ కాసింది?' అని అడగండి. జవాబు లేకపోతే ఆ డబ్బుతో నాలుగు చింత మొక్కలు పెట్టండి. మన మనవళ్లు తింటారు.